సగం బియ్యప్పిండి కలిపిన అప్పాలు

ఇప్పుడు మన గుళ్లకు అప్పాలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి. అన్నీ ఒకే తీరు, ఒకే మందం, అంచు విరిగింది ఒక్కటి ఉండదు. ఎవరు కాల్చారో ఎవరూ అడగరు. పూజలో గురువు చేతిలోకి తీసుకొని, ప్రభువు శరీరంగా మార్చి, మన నోటికందించే ఆ పలుచటి రొట్టె బిళ్లను నేను ముప్పై ఏళ్లు వరంగల్ మిషన్‌లో నా చేతులతో కాల్చాను. గుడి పనుల్లో కొత్తగా చేరిన ఆడపిల్లలు మీరు. మీకు ఒక సంగతి చెప్పాలి. నేను చదివింది రెండో తరగతి. తప్పులుంటే దిద్దుకొని చదవండి, కానీ కాగితం మాత్రం పారేయకండి. రెండో వైపు ఇంకా ఖాళీగానే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మా ఆయన చనిపోయి ఏడాది దాటింది. నాకు నాలుగేళ్ల బిడ్డ. మఠంలోని కన్యస్త్రీలు వెనక వైపు ఒక గది ఇచ్చి, అప్పాలు కాల్చే పని అప్పజెప్పారు. నాకు ముందు ఆ పని చేసిన ముసలి సిస్టర్ వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది. గోధుమపిండిని నీళ్లతో పలుచగా కలపాలి. పొడుగు పిడుల ఇనుప అచ్చును బొగ్గుల మీద వేడి చేసి, పిండి పోసి నొక్కి పట్టాలి. కాలిన రొట్టెను తడిగుడ్డ కింద ఉంచి, మెత్తబడ్డాక గుండ్రంగా కోయాలి. "గోధుమ, నీళ్లు. ఇంకేం వద్దు" అని ఆమె రోజూ అనేది. ఎందుకు వద్దో చెప్పలేదు, నేను అడగలేదు. వాళ్ల దేశంలో గోధుమ పండుతుంది కాబట్టి వాళ్లకు ఆ రుచి అలవాటు అనుకున్నాను. మనకు పప్పులో చింతపండు ఎలాగో అలా అన్నమాట. ఆ తర్వాత ఆ సిస్టర్ జబ్బుపడి వేరే ఊరి మఠానికి వెళ్లిపోయింది.

యుద్ధంతో తిండిగింజలన్నీ సర్కారు కంట్రోలులోకి పోయాయి. మన దిక్కు వరి, జొన్న పండుతాయి గానీ గోధుమ ఎక్కడిది? దొరికే ఆ కాస్త పిండిలో పురుగులు. ఆ ఏడు, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ముందు మఠం పెద్ద మదర్ నన్ను పిలిచి పిండి డబ్బా చూపించింది. "ఈస్టర్ దాకా ఇదే. ఎట్లా సరిపెడతావో నీ ఇష్టం" అంది.

నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు, సరిపెట్టమని నాతో అనకూడదు. ఒక కొబ్బరిచిప్పతో మూడు రోజులు పచ్చడి చేసినదాన్ని. మా పక్కింట్లో మగ్గం నేసే అక్క ఉండేది. వాళ్లు పద్మశాలీలు. ఆమె నూలుకు గంజి పెడుతుంటే చూస్తూ నా కష్టం చెప్పుకున్నాను.

"బియ్యం ఉన్నయి గదనే చెల్లె! బియ్యప్పిండి కలుపు. గంజి పెడితె నూలే బిర్రుగైతది, నీ అప్పం గాదా?" అంది ఆమె.

ఆమెది తప్పు లేదు. ఆమెకు మన పూజ సంగతి ఏం తెలుసు? సగానికి సగం కలిపాను. అప్పాలు ఎంత బాగా వచ్చాయనుకున్నారు! మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు. మదర్ వేలితో మీటి చూసి "భేష్" అంది. ఆమె నోట ఆ మాట ఎవరూ విని ఉండలేదు. ఆ నలభై రోజులూ నేను గర్వంగానే తిరిగాను. ఉన్న మాట రాస్తున్నాను.

మా ఫాదర్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పరదేశం మనిషి. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. తెలుగును పుస్తకంలో నేర్చుకున్నాడు కాబట్టి పుస్తకంలా మాట్లాడేవాడు. యుద్ధంలో వాళ్ల దేశం సర్కారుకు శత్రువు. అందుకని ఊరు దాటాలంటే ఠాణాకు పోయి జమేదారు దగ్గర చీటీ రాయించుకోవాలి. ముప్పై పల్లెల క్రైస్తవుల బాగోగులు ఆయన విచారణలో ఉన్నాయి. ప్రతి పల్లెకూ పోయే ముందు ఆ మనిషి దొంగలా ఠాణా మెట్ల మీద నిలబడేవాడు. ఒక్కనాడు విసుక్కోవడం నేను చూడలేదు. మేం వండి పెట్టిన జొన్నరొట్టె తినేవాడు. చిరిగిన అంగీని తనే కుట్టుకునేవాడు. కుట్టు వంకర, కానీ గట్టి.

ఈస్టర్ అయిన వారం. గుడి వరండాలో మొదటిసారి సత్ప్రసాదం, అదే పూజలో ఇచ్చే ఆ అప్పం, పుచ్చుకోబోయే ఆడపిల్లలకు ఫాదర్ జ్ఞానోపదేశం చెబుతున్నాడు. నేను పక్కనే కూర్చొని గుడి బట్టలకు గుండీలు కుడుతున్నాను.

"అప్పం గోధుమతో మాత్రమే చేయవలెను. వేరే పిండి కలిసినయెడల అది రొట్టెగానే ఉండును. ప్రభువు శరీరం కాదు" అన్నాడు.

సూది వేలిలో దిగింది. నాకు నొప్పి తెలియలేదు.

నలభై రోజులు! ఆ ఈస్టర్ పెద్ద పండుగకు ముప్పై పల్లెల నుంచి నడిచి వచ్చారు జనం. ఆ కాలంలో సత్ప్రసాదం పుచ్చుకోవాలంటే ముందటి అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా ముట్టకూడదు. చంటిపిల్లల తల్లులు నాలుక పిడచగట్టుకుపోయి మోకాళ్ల మీద నిలబడ్డారు. వాళ్ల నాలుకల మీద పెట్టింది వట్టి రొట్టె. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు ఫాదర్ ఇళ్లకు పట్టుకుపోయి ఇచ్చిందీ అదే.

ఉపదేశం కాగానే ఫాదర్ పాపసంకీర్తనం వినడానికి, అంటే మేం చెప్పుకునే పాపాలు వినడానికి, గుళ్లో చెక్క జాలీ వెనక కూర్చున్నాడు. నేను పోయి జాలీకి ఇవతల మోకరించాను.

"ఫాదర్, అప్పాల పిండిల బియ్యప్పిండి కలిపిన."

జాలీ అవతల ఆయన ముందుకు వంగాడు.

"ఎంత?"

"సగానికి సగం."

"ఎప్పటి నుండి?"

"విభూది బుధవారం కాన్నుంచి."

"కలపరాదని తెలిసి చేశావా?"

"తెల్వదు ఫాదర్. ఆదా అయితదనుకున్న."

"అయితే పాపం లేదు."

"పాపం లేకుంటె మరేమున్నది?"

"పని ఉన్నది" అన్నాడాయన.

తర్వాత మెల్లగా చెప్పాడు. జాలీలో విన్న మాటను గురువు బయటికి మోసుకుపోకూడదు. దాని మీద ఒక్క పని కూడా చేయకూడదు. ప్రాణం పోయినా సరే. "ఇక్కడి నుండి లేచిన తరువాత నేను ఏమియు ఎరుగను. నేను ఏదైనా చేయవలెనన్న నీవు వరండాలోకి వచ్చి మరల చెప్పవలెను. రమ్మని నేను పిలువను. రాకున్నను నిన్ను ఒక్క మాట అడుగను."

జాలీ నుంచి వరండాకు ఇరవై అడుగులు ఉంటాయేమో. లోపల చెప్పింది దేవుడికి, బయట చెబితే మదర్‌కు కూడా తెలుస్తుంది. గది పోతుంది, పని పోతుంది. బిడ్డను ఎత్తుకొని ఎవరి గడప తొక్కాలి? నేను చీపురు అందుకొని గుడంతా ఊడ్చాను. అప్పటికే ఊడ్చి ఉంది. మళ్లీ ఊడ్చాను. ఫాదర్ బయటికి వచ్చి వరండాలో కుర్చీ వేసుకొని, పుస్తకం తెరిచి కూర్చున్నాడు. పుస్తకం పేజీ తిరగడం లేదు. అది చూశాక నాకు సిగ్గేసింది. చీపురు గోడకు ఆనించి పోయి అంతా మళ్లీ చెప్పాను.

మొదటిసారి విన్నట్టే విన్నాడు. ఎంత, ఎప్పటి నుండి అని అవే ప్రశ్నలు వేశాడు. అప్పుడు లేచాడు.

మదర్ వచ్చింది, మా ఉపదేశి వచ్చాడు. ఉపదేశి అంటే ఫాదర్ లేనప్పుడు పల్లెల్లో జపాలు చెప్పించే పెద్దమనిషి. మదర్ నన్ను చూసిన చూపుకు నేను గోడలో దూరిపోదామనుకున్నాను.

"ఈమెను ఈ పూటే పంపించెయ్యాలి" అంది.

"సరిపెట్టుము అని చెప్పినది మనమే. ఎట్లు సరిపెట్టుచున్నదో చూడనిది నేను" అన్నాడు ఫాదర్.

ఉపదేశి గొంతు తగ్గించాడు. "ఫాదర్, బయటపెడితె ఇజ్జత్ పోతది. ఎవలకు ఎర్క? గింత దానికి దేవుడే సర్దుకుంటడు."

"దేవుడు సర్దుకొనును. మనము సర్దుకొనరాదు."

ఆ మాటకు ఉపదేశి తల గోక్కున్నాడు. నేను ఇన్నేళ్లలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. పెద్ద చదువులు చదివి వచ్చినవాళ్లవి, మైకుల్లో చెప్పినవి. ఆ రెండు ముక్కలంత ఏదీ నాకు పట్టుబడలేదు.

ఫాదర్ ఇళ్లకు తీసుకుపోయి సత్ప్రసాదం ఇచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాడు. ముగ్గురు. ఇద్దరు అప్పటికే చనిపోయారు. మూడో ఆమె వర్ధన్నపేట రోడ్డు మీద ఆరు మైళ్ల దూరంలోని పల్లెలో ఉంది. నాట్లేసి, కలుపు తీసి బతికిన ముసలమ్మ. నాలుగు రోజుల కింద ఫాదర్ పోయి, చివరి ప్రయాణానికి తోడని చెప్పి అప్పం ఇచ్చి వచ్చాడు. నీళ్లు మాత్రమే దిగుతున్నాయి, ఇవాళో రేపో అన్నట్టుంది అని ఉపదేశి చెప్పాడు.

"రేపు పొద్దున పూజ చేసి తీసుకొనిపోవుదును" అన్నాడు ఫాదర్. ఆ రోజు పూజ అయిపోయింది. రోజుకు ఒక్కటే చేయాలి, అదీ పరగడుపున. పూజ లేకుండా సత్ప్రసాదం లేదు. గోధుమ లేకుండా పూజ లేదు. మా డబ్బాలో ఒక్క చిటికెడు కూడా మంచి పిండి లేదు. మొత్తం నేనే కలిపి ఉంచాను. అదే పొదుపు అనుకున్నాను కదా.

చీటీ కోసం ఫాదర్ ఠాణాకు బయల్దేరితే నేను కూడా వెంట పోయాను. జమేదారు తుర్కాయన. పెద్ద మీసాలు, పెద్ద పొట్ట.

"ఏం పాద్రీ సాబ్, మళ్ల ఎక్కడికి? మీ ముల్కుకు పారిపోతవేమో అని నాకు రోజు ఫికరే."

"ఎడ్లబండి మీదనా జమేదార్ సాబ్?"

"గా ఎడ్లను చూసిన. ఠాణా దాటవు" అని నవ్వుతూ చీటీ రాశాడు.

గోధుమ తినే ఇల్లు ఇదే కదా అని నాకు అప్పుడు తట్టింది. సిగ్గు విడిచి అడిగాను. "సాబ్, మీ ఇంట్ల గోధుమలుంటె రెండు దోసిళ్లు ఇప్పియ్యి. దేవుని అప్పానికి. ఒక ముసలామె చావుమీదున్నది."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఠాణా వెనకే ఇల్లు. "మా అమ్మీని అడుగుపో" అన్నాడు. వాళ్ల అమ్మ పరదా పక్కకు తీసి, చెప్పిందంతా విని, చేటలో గోధుమలు పోసుకొచ్చి నా కొంగులో వేసింది.

"మా ఇంటి గోధుమలు నడుస్తయా మీ దేవునికి?"

"గోధుమలైతె చాలట అమ్మా."

"అయితె తీస్కపో బిడ్డా. రాళ్లుంటయి, జర ఏరుకో. ముసలామె పండ్లకు తగుల్తయి."

ఇంటికి వచ్చి ఇసుర్రాయి పై దిమ్మ ఎత్తి పక్కన పెట్టాను. బియ్యప్పిండి గంట్లలో ఇరుక్కొని ఉంది. పుల్లతో గీకి, చీపురుపుల్లలతో రుద్ది, మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. ఇసిరాక మొదట వచ్చిన గుప్పెడు గోధుమపిండిని కోళ్లకు పారబోశాను, పాత పిండి ఏమన్నా కలిసి ఉంటుందేమోనని. ఆ కరువులో, ఆ గోధుమను పారబోశాను. నా జన్మలో తిండిగింజ పారబోసింది ఆ ఒక్కసారే.

ఇసురుతున్నప్పుడు ఫాదర్ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఆగలేక అడిగేశాను.

"ఫాదర్, మేం పుట్టినకాన్నుంచి బియ్యమే తింటిమి. పండిచ్చేది అదే, సచ్చినోళ్ల నోట్లె పోసేది అవే. దేవుడు మా బియ్యంలకు రాడా?"

ఆయన గడప మీద కూర్చున్నాడు. "రాలేక కాదమ్మా. తాను చనిపోవుటకు ముందు ఆయన చేతిలోనికి తీసుకొన్నది గోధుమ రొట్టె. అదియే చేయుడని చెప్పి పోయెను. మార్చుటకు నా చేతులు చాలవు."

ఆ జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా సరిపోలేదు. ఆ తర్వాత లాటిన్ పూజ పోయి తెలుగు వచ్చింది, పీఠం వైపు తిరిగి పూజ చేసే గురువు మన వైపు తిరిగాడు, ఉపవాసం ఒక గంటకు తగ్గింది. గోధుమ మాత్రం గోధుమే. కానీ ఆయన నా నోరు మూయించడానికి ఒక ముక్క కూడా కల్పించి చెప్పలేదు. నీకెందుకు పొమ్మనలేదు. అది నేను మరిచిపోను.

ఆదివారం ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను. ముసలమ్మ సంగతి తర్వాత ఇక చెప్పాల్సింది ఉండదు. ఫాదర్ పీఠం మెట్ల మీద నిలబడి పిండి విషయం అందరికీ చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. "చూచుకొనవలసినవాడను నేను, చూడలేదు. క్షమించుడి" అని అంత పొడుగు మనిషి జనం ముందు వంగాడు. కొందరు గొణిగారు. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. ఆ తర్వాత నెల రోజులు ప్రతి పల్లెకూ చీటీ రాయించుకొని పోయి, ఆ చేటెడు గోధుమలతో నేను కాల్చిన అప్పాలతోనే మళ్లీ పూజ చేసి, మళ్లీ సత్ప్రసాదం పంచి వచ్చాడు. చనిపోయిన ఆ ఇద్దరి ఇళ్లకు కూడా పోయాడు. వాళ్లవాళ్లు ఏమన్నారని అడిగితే, "తిట్టిరి. తరువాత మజ్జిగ ఇచ్చిరి" అన్నాడు. మదర్ నన్ను మళ్లీ ఎప్పుడూ భేష్ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. పిండి డబ్బా తాళంచెవి మాత్రం నాకే ఇచ్చింది.

ఇక ఆ తెల్లవారి సంగతి. ఫాదర్ పూజ చేసి, చిన్న వెండి డబ్బీలో ఒక్క అప్పం పెట్టి, మెళ్లో వేసుకొని అంగీ కింద దాచాడు. నన్ను కూడా రమ్మన్నాడు. బండి తోలే తాత ముందు, మేమిద్దరం వెనక. గుండె మీద సత్ప్రసాదం ఉంటే గురువు దారిలో మాట్లాడడు. రోడ్డు మీద దండం పెట్టినవాళ్లకు తల ఊపాడు, అంతే. ఎండ చుర్రుమంటోంది. ఎడ్లు జమేదారు చెప్పినట్టే ఉన్నాయి. ప్రతి మలుపులో, ఏడుపు వినబడుతుందేమో అని నా చెవులు ఆ దిక్కే ఉన్నాయి.

గుడిసె ముందు ఎవరూ గుమికూడి లేరు. కోడలు చేటలో గింజలు చెరుగుతోంది. "ఉన్నది ఫాదర్. నీళ్లు తాగుతాంది" అంది. అది విన్నాకే నేను బండి దిగాను.

ముసలమ్మ చాప మీద ఎండిన కట్టెలా ఉంది. కళ్లు మాత్రం బాగా వెలుగుతున్నాయి. ఫాదర్ మట్టి నేల మీద మోకరించాడు.

"అమ్మా, మొన్న నేను తెచ్చినది సరియైనది కాదు. పిండిలో తప్పు జరిగినది. అది వట్టి రొట్టె. ఇప్పుడు ప్రభువును తెచ్చితిని."

ఆమె ఆ మాటను చాలాసేపు నమిలింది.

"మొన్న ఆయన రాలేదా?"

"ఆ అప్పంలో రాలేదు."

"మరి నేను ఆయనతోటి మాట్లాడితి గదా అయ్యా. నా కొడుకు సంగతి, నా మోకాళ్ల నొప్పి సంగతి, అన్ని చెప్పిన. ఇన్నడు."

ఫాదర్ తల వంచుకున్నాడు. "విన్నాడమ్మా. తప్పినది మా రొట్టె. ఆయన తప్పలేదు."

"గట్లయితె గింత ఎండల మళ్ల ఎందుకచ్చినవు?"

"తెచ్చెదనని నీకు మాట ఇచ్చితిని. తేలేదు."

ముసలమ్మ కోడలి వైపు తల తిప్పి "సూసినవా, మాటంటె గిది. నీ మొగడు నాకు చెప్పులు తెస్తనని మూడేండ్లాయె" అంది. కోడలు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆమె నన్ను చూసింది. "గీ పిల్లెవరు?"

"తప్పు పిండి కలిపింది నేనే అవ్వా" అన్నాను.

"ఏం కలిపినవే?"

"బియ్యప్పిండి."

ఫాదర్ లాటిన్‌లో జపం చెప్పి, డబ్బీ తెరిచి, అప్పం విరిచి చిన్న తునక ఆమె నాలుక మీద పెట్టాడు. నేను, కోడలు మోకాళ్ల మీద ఉన్నాం. ముసలమ్మ కళ్లు మూసుకొని నోరు మెదిపింది. మెదుపుతూనే ఉంది. గొంతులో ఎముక పైకి కిందికి ఆడింది. దగ్గు వస్తుందేమో, తునక బయటికి వస్తుందేమో అని ఫాదర్ ముఖం తెల్లబోయింది.

ఆమె ఒక కన్ను తెరిచి నన్ను చూసింది.

"మొన్నటిదే మంచిగుండె బిడ్డా. నాలిక మీద పెట్టంగనే కరిగె. గిది గొంతుకు అడ్డం పడ్తాంది."

ఫాదర్ చెంచాతో నీళ్లు అందుకున్నాడు. ఒక్కొక్క బొట్టే పోశాడు. మేం ముగ్గురం ఆ గొంతునే చూస్తూ కూర్చున్నాం.

దిగింది.